వంద తీగల పెట్టె

ఆ శుక్రవారం తెల్లవారింది గాని ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రంలో వాయుగుండం ఉందని ముందురోజే రేడియోలో చెప్పారు. వాన గట్టిగా కురవదు, పూర్తిగా ఆగదు. మబ్బులు రాంబిల్లి వైపు నుంచి మందల్లాగా వచ్చి, అనకాపల్లి మీద కాసేపు తచ్చాడి, పడమటి కొండల దాకా పోయి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ వెనక్కి తిరుగుతున్నాయి. బెల్లం మార్కెట్టులో దిమ్మల మీద కప్పిన పట్టాలు గాలికి పటపటా కొట్టుకుంటున్నాయి. నవంబరు నెలాఖరు. గానుగలు మొదలైన కొత్త. ఊరంతా పచ్చి పొగ, పాకం వాసన.

మార్కెట్టుకి ఎదురు మేడ మీద గదిలో ప్రైవేటు డిటెక్టివ్ త్రినాధరావు కూడా ఆ మబ్బుల్లాగే తిరుగుతున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నం. ఆయన కూర్చోగా శాంతికుమారి ఎప్పుడూ చూడలేదు. కిటికీ నుంచి బల్ల దగ్గరికి, బల్ల నుంచి తలుపు దగ్గరికి. దారిలో తగిలిన ప్రతి వస్తువునీ వేలి కణుపుతో ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి, ముందుకు పోతాడు. పుచ్చకాయల బండి దగ్గర బేరమాడేవాడి అలవాటు అది.

శాంతికుమారి ఆ మేడ కిందే చాలా ఏళ్ళు ఎస్టీడీ బూతు నడిపింది. ఈ మధ్య సెల్‌ఫోన్లు చౌకయ్యాక బూతు మూతపడింది. గాజు తలుపు అవతల ఫోనులో మాట్లాడేవాళ్ళ మొహాలు చూసి చూసి, ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు కోతలు కోస్తున్నారో ఆమెకి తెలిసిపోయేది. ఆ సంగతి కనిపెట్టి త్రినాధరావే ఆమెని పైకి పిలిచాడు. అప్పట్నుంచీ ఆయన ఏది చూస్తే తనూ అది చూడాలని ఆమె పట్టుదల. చూస్తుంది కూడా. చూసినవాటిని కలపడమే ఇంకా చేతకాలేదు.

మెట్ల మీద తడి చెప్పుల చప్పుడయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడింది. చున్నీ తడిసి భుజానికి అంటుకుపోయింది. కళ్ళు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి.

“డిటెక్టివ్ గారంటే మీరేనా అండి? నా పేరు ధనశ్రీ. శారదా నది వంతెన దాటి గట్టు దిగితే మా ఇల్లు. నా సంతూర్ పోయిందండి.”

“సబ్బేటమ్మా?” అంది శాంతికుమారి, నోరు జారి.

“అందరూ అదే అంటారండి,” అంది ఆ పిల్ల. నవ్వబోయింది గాని రాలేదు. “అది వాద్యం. చెక్క పెట్టె. దాని మీద వంద తీగలు. ఒళ్ళో పెట్టుకుని రెండు సన్నటి చెక్క పుల్లలతో కొట్టి వాయిస్తారు. కాశ్మీరుది. విశాఖ నేవీ క్వార్టర్సులో ఒక కాశ్మీరీ ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళకి బదిలీ అయిపోతే, కొలతలు గీసిచ్చి వెళ్ళారు. ఇక్కడ గవరపాలెంలో అప్పలరమణ అని వడ్రంగి, ఆయన చేత చేయించుకున్నాను.”

“కాశ్మీరు వాద్యం అనకాపల్లిలో ఏటి చేస్తోంది?” త్రినాధరావు కిటికీ రెక్కని కొట్టి చూస్తూ అడిగాడు.

“ఇప్పుడు బ్యాండులకి అదే మోజండి. గిటారూ డ్రమ్సూ మధ్యలో అది మోగితే జనం మాటలాపి చూస్తారు. ఎల్లుండి ఆదివారం విశాఖలో మా బ్యాండు ప్రోగ్రాం. మా పాటలు సీడీ చేద్దామని హైదరాబాదు నుంచి ఒకాయన వినడానికి వస్తున్నాడు. సంతూర్ ఉంటేనే ఆ పాటలు. అది లేకపోతే నాతో పని లేదు.”

“ఎవరి మీద అనుమానం?”

ధనశ్రీ చున్నీ కొస పిండింది. నీళ్ళు కారలేదు గాని పిండుతూనే ఉంది.

“ఇంట్లో అందరూ నానాజీ అంటున్నారు. మా బ్యాండులో కీబోర్డు వాయిస్తాడు. నిన్న మధ్యాహ్నం వచ్చి నా తీగలన్నీ ఒక్కొక్కటే వాయించమని రికార్డు చేసుకెళ్ళాడు. సాయంత్రానికి పెట్టె లేదు. నాకూ వాడేనేమో అనిపిస్తోంది. కలిసి పాటలు కట్టుకున్నవాడి మీద అలా అనిపిస్తోంది చూడండి, అదే భయంగా ఉంది.”

త్రినాధరావు గొడుగు తీశాడు.

*

ఆటో వంతెన దిగేసరికి గాలి ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోయింది. చెరకు బళ్ళు దారి కడుతున్నాయి. ధనశ్రీ ఇంటి వెనక బోరు దగ్గర ఆమె తల్లి మరిడమ్మ గంపలోంచి బూడిద తీసి అంట్లు తోముతోంది. గానుగ పొయ్యి బూడిద, మెత్తగా తెల్లగా ఉంది.

“ఏటి బాబూ, పోలీసోల్లా?”

“కాదమ్మా. అడిగి తెలుసుకునేవాళ్ళం, అంతే.”

“అడగండి. అడిగితే ఒచ్చీద్దేటి ఆ పెట్టి?” ఆమె గిన్నె మీద కోపం చూపించింది. “నిన్న మద్దేనం మా ధన గుంట ఏడ్సింది. ముసురుకి తీగలు నిలబడ్నేదని. పొద్దున బిగించింది సాయంత్రానికి దిగిపోతందంట. ఏడ్సి ఏడ్సి పక్కీదిలో పిన్నమ్మింటికి ఎల్లింది. నాను రేషను డిపోకి ఎల్లేను. ఒచ్చి తలుపు తీత్తే పెట్టి నేదు.”

“తలుపు తీస్తే అన్నారు. తాళం వేసే ఉందా?”

“ఏసీ ఉన్నాది. తాలంసెవి సూరులో పెట్టేది పెట్టినట్టే ఉన్నాది. ఈ ఇంటికొచ్చిన ఆల్లకందరికీ ఎరికే అది. ఆ నానాజీకీ ఎరికే. ఆ రమనకీ ఎరికే.”

“అప్పలరమణ కూడా నిన్న వచ్చేడా?”

“రాపోడమేటి, రోజూ ఒత్తాడు. ఓసారి సూడనీ అమ్మా, ఓసారి కొలవనీ అమ్మా అని. గుంట ముట్టుకోనివ్వదు.” మరిడమ్మ చెంబు బోర్లించింది. “నిన్న రాత్తిరి నుంచి అది మెతుకు ముట్నేదు. ఆయనా ముట్నేదు. ఇద్దరికీ వొండి, ఇద్దరిదీ గేది కుడితిలో పోసేను.”

శాంతికుమారి బూడిద గంప వైపు చూసింది. బూడిదలో ఏదో చిన్న చెక్క ముక్క, ఒక పక్క మాడి ఉంది. చదరంగంలో బంటులా చక్కగా కోసిన ముక్క. కట్టెల్లో అంత నునుపైనది ఎలా వచ్చిందా అనుకుంటూ తీసి చేతిరుమాల్లో కట్టుకుంది.

లోపల గదిలో సంతూర్ ఉండే చోట చాప మీద నాలుగు పక్కలా దుమ్ము గీత మిగిలింది. పక్కనే వానకి తడవని జిప్పు సంచి మడతపెట్టి ఉంది. సంచి మీద వాయించే పుల్లల జత, తీగలు బిగించే చిన్న ఇనప సుత్తి.

“ఇవన్నీ వదిలేసి పోయేడే దొంగ,” అంది శాంతికుమారి.

త్రినాధరావు గదంతా తిరిగాడు. బీరువాని కొట్టాడు. చెమ్మకి అప్పడాలు మెత్తబడి వాలిపోయిన చేటని కొట్టాడు. అది చప్పుడే చెయ్యలేదు. గోడకి మేకు మీద తప్పెట వేలాడుతోంది. గుండ్రటి రేకు చట్రం, ఒక పక్క తోలు. గుండెకి కట్టుకుని వాయించేది. దాన్నీ వేలితో కొట్టాడు. కంగుమంది. ఆయన ఒక్క క్షణం తల వంచి విని, బయటికొచ్చాడు.

అరుగు మీద ధనశ్రీ తండ్రి దేముడు కూర్చుని ఉన్నాడు. బెల్లం వండడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. తప్పెట వాయించడంలో ఇంకా ఎక్కువ పేరు. చేతుల మీద పాకం చింది మచ్చలు పడి ఉన్నాయి. నోట్లో చుట్ట ఉంది గాని అంటించలేదు. అగ్గిపుల్ల తీసి గీస్తాడు, చెమ్మకి అంటుకోదు, పారేస్తాడు, ఇంకోటి తీస్తాడు.

“మీ అమ్మాయి వాద్యం మీకు నచ్చదటగా?” అన్నాడు త్రినాధరావు.

“నచ్చడానికేటున్నాది బాబూ అందులో? రేకు మీద వాన పడ్డట్టుంటాది.”

“తప్పెట మీదేనా?”

“మా తాతది. నూకాలమ్మ జాతరకి వాయించేను. మరి మేకు దింపనేదు.”

“వేసవి మొదట్లో జాతర. అప్పట్నుంచీ ముట్టుకోలేదన్న మాట.”

“ఎందుకు ముడతాను? గానుగ రోజులివి.”

“గానుగ రోజుల్లో పట్టపగలు ఇంటి దగ్గరున్నారేటి?”

దేముడు అగ్గిపుల్ల విరిచేశాడు. “మా బావమరిది సూత్తన్నాడు.”

“నానాజీయే తీసేడంటారా మీరు?”

“కుర్రోన్ని అనకండి,” అన్నాడు దేముడు తొందరగా. తర్వాత ఏదో అదనంగా అన్నట్టు నేల చూశాడు. “సూడకుండా మాట అనకూడదు గదా.”

*

పరవాడ కంపెనీ బస్సులు ఆగే చోట, టీ బడ్డీ పట్టాకింద నానాజీ దొరికాడు. మెడలో ఐడీ కార్డు, కాళ్ళకి కంపెనీ బూట్లు. డిటెక్టివ్ అన్న మాట వినగానే టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“నిన్న సెకండు షిఫ్టుకెళ్ళేవా?” అడిగాడు త్రినాధరావు.

“వెళ్ళేనండి.”

శాంతికుమారి అతని మొహం చూసింది. గాజు తలుపు అవతల ఇలాంటి మొహాలు ఎన్నో చూసింది. “వెళ్ళలేదు సార్,” అంది.

నానాజీ ఆమె వైపు కొరకొరా చూసి, నీరుగారిపోయాడు. “వెళ్ళలేదండి. విశాఖ వెళ్ళేను. ప్రోగ్రాం పెట్టినాయన్ని కలిసేను. ముసురుకి సంతూర్ నిలబడట్లేదు, ఆదివారం పాట మధ్యలో శ్రుతి పోతే పరువు పోద్ది. అందుకని దాని సౌండు కీబోర్డులో ఎక్కించుకున్నాను. అవసరమైతే నేను వాయిస్తానని చెప్పి వచ్చేను. ధనకి చెప్తే గుండె పగిలిపోద్దని చెప్పలేదు.”

“సౌండు నీ కీబోర్డులో ఉంది. పెట్టె అక్కర్లేదు నీకు.”

“అక్కర్లేకపోతే మూడు నెల్లబట్టి ఆ మెలికల గట్టు దార్లో సైకిలు తొక్కుకుని వాళ్ళింటికి ఎందుకెళ్తానండి?” నానాజీ గొంతు పెరిగింది. టీ బడ్డీవాడు తిరిగి చూశాడు. “మీట నొక్కితే ఒకటే మోత. ఆవిడ కొడితే ఒకసారి మోగినట్టు ఇంకోసారి మోగదు. ఆ తేడా కోసమే గదా జనం చూస్తారు. అసలు వాళ్ళ నాన్న తప్పెట కూడా అందులో పెడితే అదిరిపోద్దని నేనే అన్నాను. ఆవిడ ఇంట్లో చెప్తే ఆయన ఉమ్మేసి లేచిపోయేడంట.”

కంపెనీ బస్సు హారను కొట్టింది. నానాజీ ఎక్కలేదు.

“ఎక్కు. సాయంత్రం పెర్మిషను పెట్టి గానుగ దగ్గరికి రా,” అన్నాడు త్రినాధరావు. “చీకటి పడకముందే.”

గవరపాలెంలో అప్పలరమణ కొట్టు దగ్గర శాంతికుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. రంపపు పొట్టు మధ్య, గోనె కింద నుంచి ఒక పెట్టె మూల కనబడింది. ముందు వెడల్పు, వెనక సన్నం, చాప మీద దుమ్ము గీత లాగే.

“సార్! దొరికింది!” అంటూ గోనె లాగేసింది.

“ఓలమ్మో, మెల్లిగా!” అప్పలరమణ పరిగెత్తుకొచ్చాడు. పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు. “బంక పచ్చిగున్నాది!”

త్రినాధరావు దాన్ని కొట్టి చూశాడు. బొద్దుగా, మొద్దుగా పలికింది. తీగ లేదు, మేకుల కంతలు కూడా లేవు.

“కొత్తది శాంతమ్మా. ఇంకా పుట్టలేదు,” అన్నాడు. “ఎవరికి రమణా?”

“హైదరాబాదు కుర్రోళ్ళకండి. ధనమ్మ పెట్టె సంగతి విని అడిగేరు. కాగితం మీద గీతుంటే సరిపోదండి, లోపలి పట్టీలు ఎక్కడెక్కడ పెట్టేనో నేనే మరిచిపోయేను. మళ్ళీ కొలుసుకుందామని తిరుగుతున్నాను. ఆ పిల్ల దగ్గరికి రానివ్వదు. తల్లి కోడిలాగ కప్పుకుని కూర్చుంటాది.”

“నిన్న నువ్వు వెళ్ళేసరికి పెట్టె ఉందా?”

“ఉందండి. ఆ పిల్ల ఏడుస్తుంటే, ఇది అడగడానికి వేళ కాదని వచ్చేసేను.”

“అందులో వాడింది ఏం బంక?”

“మా నాన్న నేర్పిందే. కాచి, వేడిగా పూసేది. సల్లారితే రాయి.”

“మళ్ళీ వేడి తగిలితే?”

అప్పలరమణ నవ్వాడు. “దాన్నెవరు వేడి పెడతారండి బాబూ?”

త్రినాధరావు నవ్వలేదు. ఒక పలక ముక్కకి రెండు మేకులు కొట్టి, సంతూర్ తీగ ఒకటి బిగించి, సాయంత్రం గానుగ పాక దగ్గరికి తెమ్మని చెప్పాడు.

దారిలో శాంతికుమారికి రుమాలు గుర్తొచ్చింది. విప్పి చూపించింది. “వాళ్ళింట్లో బూడిద గంపలో దొరికింది సార్. బొమ్మ ముక్కేమో అనుకున్నాను.”

త్రినాధరావు ఆ చెక్క బంటుని అరచేతిలో పెట్టుకుని చూశాడు. నెత్తిమీద సన్నటి గాట్లు. తీగ ఆనే గాట్లు. నడుస్తున్న మనిషి రోడ్డు మధ్య ఆగిపోయాడు. వెనక ఆటోవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు.

“తీగలకి కిందుండే గుర్రం ఇది,” అన్నాడు. “శాంతమ్మా, నువ్వు పొద్దుటే కేసు రుమాల్లో మూటగట్టేవు. నేనింకా కొట్టి చూసుకుంటూ తిరుగుతున్నాను.”

ఆ మాటకి ఆమెకి సంతోషించాలో బెంగపడాలో తెలియలేదు. బూడిద గంప రోజూ ఇంటికి తెచ్చేదెవరో ఆమెకి ఇప్పుడు తట్టింది.

*

గానుగ పాక చెరకు తోట అంచున ఉంది. పైన రేకులు, చుట్టూ తాటాకు దడి. పెద్ద పెనంలో రసం కుతకుతమంటోంది. దేముడి బావమరిది పొయ్యి నోట్లోకి చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు. వెలుగు ఇంకా ఉంది గాని మబ్బు దాన్ని నిలవనివ్వడం లేదు. పాకలో మొహాలు ఒకసారి కనబడి ఒకసారి మసకవుతున్నాయి. ధనశ్రీ గుంజకి ఆనుకుని ఉంది. మరిడమ్మ కేరేజీ పట్టుకొచ్చింది. అప్పలరమణ పలక ముక్కతో, నానాజీ తడిసిన బూట్లతో నిలబడ్డారు. దేముడు పెనం పక్కన తెడ్డు పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కలుపుతున్నాడు.

“పొద్దున నేను చూసినవి అందరి ముందూ చెబుతాను,” అన్నాడు త్రినాధరావు. తిరుగుతూనే ఉన్నాడు. “అమ్ముకోడానికి తీసినవాడు పుల్లలూ సుత్తీ కూడా తీస్తాడు. అవి లేకపోతే అది ఉత్త పెట్టె. ఎక్కడికో దూరం పట్టుకుపోయేవాడు, బయట జల్లు పడుతోంటే, పక్కనే ఉన్న వానసంచి వదలడు. కాబట్టి తీసినవాడు వాయించాలనీ అనుకోలేదు, అమ్మాలనీ అనుకోలేదు. కాస్త దూరం తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెడదామనుకున్నాడు. పని చేసుకుని వచ్చేద్దామనుకునేవాడే తాళం మళ్ళీ వేస్తాడు, చెవి చూరులో పెడతాడు. అది ఇంటివాడి చెయ్యి.”

“ఇంటోడేటి!” మరిడమ్మ కేరేజీ కింద పెట్టింది. “ఇంటోల్లం ముగ్గురమే గదా!”

“అవునమ్మా. పొద్దున ఇంకో మాట మీరే చెప్పేరు. అమ్మాయి తినలేదు, ఆయనా తినలేదు అన్నారు. వాద్యం పోయిన అమ్మాయి తినకపోతే అర్థం ఉంది. ఆ వాద్యం రేకు మీద వాన అనే మనిషికి అన్నం ఎందుకు సయించలేదు?”

తెడ్డు ఆగింది. రసం పొంగబోయి, మళ్ళీ తెడ్డు కదిలింది.

త్రినాధరావు గోనెసంచిలోంచి తప్పెట తీశాడు. పొద్దున మరిడమ్మని అడిగి తీసుకున్నదే. “ఈ ముసురుకి అగ్గిపుల్ల గీసుకోవట్లేదు. అప్పడాలు గుడ్డపేలికలయ్యేయి. వేసవి నుంచీ మేకు దిగని తప్పెట మాత్రం పొద్దున గదిలో కంగుమంది. తోలుకి చెమ్మ పట్టదా? పడుతుంది. దీనికి నిన్నో మొన్నో ఎవరో వేడి చూపించేరు.”

తప్పెటని ఒకసారి కొట్టాడు. సంచిలో ఉండి చెమ్మ పట్టింది కాబోలు, ఇప్పుడు బద్ధకంగా పలికింది. పొయ్యి నోటికి పట్టి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ కొట్టాడు. పాకంతా ఖంగున మోగింది. దేముడి భుజాలు తమంతట తామే కదిలాయి.

“రమణా, నీ పలక ఇయ్యి.”

మేకుల మధ్య తీగని గోటితో మీటాడు. సన్నగా, పదునుగా పలికింది. పలకని పొయ్యి నోటి దగ్గర కాసేపు పట్టుకుని మళ్ళీ మీటాడు. స్వరం కిందికి జారింది. ఇంకాస్త దగ్గరికి పెట్టి మీటాడు. ఇంకా జారింది. ధనశ్రీ చెవులు మూసుకుంది.

“తోలు వేడికి బిగుస్తుంది,” అన్నాడు త్రినాధరావు. “తీగ వేడికి వదులవుతుంది. తాత నాటి నుంచి తోలు తప్ప ఎరగని ఇంట్లో ఈ రెండో మాట ఎవరికి తెలుస్తుంది?”

జేబులోంచి మాడిన చెక్క బంటు తీసి ధనశ్రీ చేతిలో పెట్టాడు. “ఇది మీ ఇంట్లో అంట్లు తోమే బూడిదలో దొరికింది. శాంతమ్మ చూసింది.”

ధనశ్రీ దాన్ని చూసింది. తండ్రి వైపు చూసింది. “నాన్నా?”

దేముడు తెడ్డు బావమరిదికి ఇచ్చేశాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుము తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“నువ్వు ఏడ్సినావు,” అన్నాడు. “ముసురుకి నిలబడ్నేదు నాన్నా అని నాకేసి సూసినావు. ఆ పెట్టి గురించి నాతోటి నువ్వు మాటాడ్డం అదే మొదులు. మా కాడ ముసురొత్తే తప్పెట పొయ్యి కాడ పెడతాం, బిగుత్తాది. ఇదీ అంతే గదా అనుకున్నాను. ఎచ్చబెట్టి మల్లీ చాప మీద పెట్టీదాం, నువ్వొచ్చి కొడితే కంగుమంటాదని…” తువ్వాలు కొస మెలిపెట్టాడు. “ఏలితో మీటి సూసేను. దిగిపోయింది. ఎచ్చ సాలనేదేమో అని ఇంకాస్త దగ్గిరికి జరిపేను. మల్లీ దిగిపోయింది. మల్లీ జరిపేను. అప్పుడు సెక్క ఇచ్చుకుంది. గుర్రాలు ఎగిరి పొయ్యిలో పడ్డాయి. ఇంటికొచ్చి సెప్పీదామనే ఒచ్చేను. అప్పుటికే మీరు నానాజీ, నానాజీ అంటన్నారు. నా నోరు పెగల్నేదు.”

“నన్ను తన్నించేసేవాళ్ళే మావయ్యా,” అన్నాడు నానాజీ, మెల్లిగా. కోపం రావలసిన చోట అతనికి రాలేదు.

“తప్పెట ఎందుకు వేడి చేశారు?” అంది శాంతికుమారి. ఆ ప్రశ్న సార్ అడగలేదు. ఆయన కావాలనే వదిలేశాడని ఆమెకి తోచింది, కాని అప్పటికే అడిగేసింది.

దేముడు పొయ్యి వైపు తిరిగాడు. పెనం దగ్గర్నుంచి బావమరిది గట్టిగా అన్నాడు: “సెప్పు బావా, సిగ్గేటి! వారం నుంచి రసం మరిగీలోపల ఇక్కడే సాధకం సేత్తన్నాడమ్మా. కూతురి పాటలో వాయించాలంట. ఆల్లు పిలిత్తే అప్పుడు సెయ్యి తడబడకూడదంట.”

ధనశ్రీ గుంజ వదిలి వచ్చింది. దేముడు పాక మూలకి నడిచి, ఎండిన చెరకు ఆకు మోపులు పక్కకి తీశాడు. కింద, తన దుప్పటిలో చుట్టి, పెట్టె. ఒక పక్క అతుకు నోరు తెరిచింది. పై పలక మీద వెంట్రుకంత బీట. తీగలు వడలిపోయి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

అప్పలరమణ మోకాళ్ళ మీద కూర్చుని దాని పక్కలన్నీ తడిమాడు. లోపలికి తొంగి చూసి, “పట్టీలు ఇక్కడ పెట్టేనా!” అని తనలో తను అనుకున్నాడు. తర్వాత తలెత్తాడు. “అతుకు వేసి బిగించగలనమ్మా. బంక ఆరడమే కష్టం, ఈ ముసురుకి ఎక్కడారుద్ది?”

“ఇక్కడే,” అన్నాడు త్రినాధరావు. “అదిగో, ఆ చివర గుంజ దగ్గర. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలే చోట. ఎంత వెచ్చన చాలో కనిపెట్టి చూడ్డానికి దేముడి కంటే ఎవరున్నారు?”

“ఆదివారానికి తీగలన్నీ నిలబడతాయని మాటివ్వలేను,” అన్నాడు అప్పలరమణ.

“అవసరమైతే నా కీబోర్డులో నీ తీగలే ఉన్నాయి ధనా,” అన్నాడు నానాజీ. “నిన్న విశాఖ వెళ్ళి ఆ మాటే చెప్పొచ్చేను. తిట్టుకుంటే తిట్టుకో.”

ధనశ్రీ చాలాసేపు పెట్టె మీద చెయ్యి వేసి ఉంచింది. బయట గాలి దడిని ఊపి వదిలేసింది.

“తర్వాత తిడతాను,” అంది. “నిలబడినన్ని తీగలతోనే వాయిస్తాను. పోయినవి నువ్వు మీట నొక్కు.” అప్పుడు తండ్రి వైపు తిరగకుండానే అంది: “ఆడిటోరియంలో ఏసీ వేత్తారు నాన్నా. మంచులాగుంటాది. నీ తప్పెటకి ఎచ్చ ఎక్కడ పెడతావు?”

దేముడు తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, పొయ్యిలో అక్కర్లేకపోయినా గుప్పెడు పిప్పి వేశాడు.

మరిడమ్మ ఎవరినీ అడగలేదు. అడ్డాకులు పరిచి, కేరేజీ విప్పి, ఇద్దరికి తెచ్చిన అన్నం అందరికీ సర్దింది. నెత్తళ్ళ చేపల ఇగురు, పక్కన కొత్త బెల్లం ముక్క. దేముడి ఆకులో మొదట పెట్టి, కూతురి ఆకు దాని పక్కకే జరిపింది. నానాజీ బూట్లు విప్పాడు. అప్పలరమణ చెవి మీద పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. శాంతికుమారి పక్కకి చూసింది. త్రినాధరావు గోనె మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. దేన్నీ కొట్టి చూడడం లేదు.

దేముడు ముద్ద కలిపి, ఆగాడు. ధనశ్రీ మొదటి ముద్ద తిన్నది చూసి, తనూ నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దుట్నుంచి ఊగిసలాడిన ఆకాశం అప్పటికి తేల్చుకుంది. రేకుల మీద ఒక చినుకు, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని. దేముడు నములుతూ నములుతూ తల కొద్దిగా పక్కకి వంచి విన్నాడు. కూతురు అది చూసింది. అన్నం అయిపోయేదాకా పాకలో వాన చప్పుడే.